మోటారు ఉంది, మనిషి రాలేదు

2011లో దసరా వెళ్లిన తర్వాతి రోజులు. తొర్రూరు అప్పటికి ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతోంది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి, బజారులో ఏ రోజు ఏ దుకాణం తెరుస్తారో ఎవరికీ తెలియదు. మా మోటారు వైండింగ్ దుకాణం మాత్రం షట్టరు సగానికి దించుకుని నడిచేది. ఇల్లు దుకాణం వెనకే కాబట్టి పని ఆగేది కాదు. బంద్ చేయించడానికి వచ్చినవాళ్లు కూడా షట్టరు కింద వంగి చూసి, "రైతుల మోటర్లే గదా అక్కా, కానియ్యి" అని వెళ్లిపోయేవాళ్లు.

నా పేరు సుగుణ. పుట్టిల్లు జనగామ. అక్కడ మా అన్న రాజన్నది వైండింగ్ దుకాణం. పెళ్లికి ముందే ఆయన దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక నేనూ మా ఆయన యాదగిరీ తొర్రూరులో సొంతంగా పెట్టుకున్నాం. మోటార్లు ఎత్తడం, విప్పడం, బిగించడం ఆయన పని. తీగ చుట్టడం నాది. ఆడమనిషి మోటారు చుడుతోందని మొదట్లో కొందరు వింతగా చూసేవారు. రెండు పంటలు గడిచేసరికి అందరికీ అలవాటైపోయింది.

బోరులోకి దించే మోటారును సబ్‌మెర్సిబుల్ అంటాం. దాని లోపల చుట్టూ సన్నటి గాడులున్న ఇనుప గొట్టం లాంటి భాగం స్టేటర్. ఆ గాడుల్లోంచి ప్లాస్టిక్ పూత ఉన్న రాగితీగను ఒక్కో చుట్టూ చేత్తో లాగుతూ పోవాలి. ఎక్కడైనా పూత గీసుకుపోయిందంటే, నీళ్లలోకి దించగానే మోటారు మళ్లీ కాలిపోతుంది. కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టడమే రీవైండింగ్. వేళ్లు కోసుకుపోతాయి, నడుము పట్టేస్తుంది, మధ్యలో లేచామంటే లెక్క తప్పుతుంది.

ఆ ఏడు కాలినన్ని మోటార్లు నేనెప్పుడూ చూడలేదు. భూపాలపల్లి దిక్కు బొగ్గుబావుల్లోనూ సమ్మె. బొగ్గు లేక కరెంటు తగ్గింది. పొలాలకు ఎప్పుడు ఇస్తారో తెలియదు, ఇచ్చినా నిలకడ లేదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి రెండే వచ్చాయంటే మోటారు తిరగలేక గుయ్యిమంటూ వేడెక్కి కాలిపోతుంది. రైతు బోరు దగ్గర లేకపోతే అంతే. సమ్మె మాదే, కరెంటు పోయేదీ మాకే. అయినా మోటారు మోసుకొచ్చిన ఏ రైతూ సమ్మె వద్దనలేదు. విసుక్కునేవారు, కూర్చునేవారు, మళ్లీ తెలంగాణ ఎప్పుడొస్తుందన్న మాటే మాట్లాడుకునేవారు.

అలాంటి ఒక రోజు ట్రాలీ ఆటోలో లచ్చిరాం వచ్చాడు. కేసముద్రం దాటాక రైలు పట్టాలకు అవతలున్న ఒక తండా ఆయనది. ముప్పై దాటిన వయసు. సన్నటి మనిషి. మోటారు దించేటప్పుడు పసిపిల్లను దించినట్టు కింద గోనెసంచి పరిచాడు.

"అక్కా, మానుకోటల అన్ని బంద్ ఉన్నయ్. మీరు చేస్తున్నరంటే గింత దూరం వచ్చిన. వరి పొట్టకచ్చింది. ఎల్లుండికి ఇస్తరా?"

మానుకోట వాళ్లకు దగ్గరి పట్నం. వరి పొట్టకు రావడమంటే వెన్ను లోపల తయారవుతున్న సమయం. అప్పుడు మడి ఆరితే గింజ తాలుపోతుంది. ఎన్ని నెలలు పెంచినా లాభం లేదు.

"చుట్టుడు చేతులతోనే తమ్మీ, అది ఆగది. టెస్టింగుకే కరెంటు గావాలె. ఎల్లుండికి చేసి పెడుత," అన్నాను.

మా ఆయన మోటారు విప్పుతుంటే లచ్చిరాం పక్కనే కూర్చుని తన పైపు పాన గురించి చెప్పాడు. బోరులోకి మోటారును ఇనుప పైపులకు తగిలించి దించుతారు. ఆ పైపులు విప్పడానికీ బిగించడానికీ మోచేయంత పొడవుండే పెద్ద పాన కావాలి. లచ్చిరాం పాన పళ్లు అరిగి, పైపు మీద జారిపోతోందట.

"వచ్చేటప్పుడు పట్టుకరా తమ్మీ. సాపు చేసిస్త. కొత్తదెందుకు?" అన్నాడు మా ఆయన.

"గట్లనే అన్నా. మోటరు కట్టుకపోను మోకు గూడ తెచ్చుకుంట," అని లచ్చిరాం సంతోషంగా వెళ్లిపోయాడు.

చెప్పిన వేళకు మోటారు తయారైంది. నీళ్ల తొట్టిలో పెట్టి, కరెంటు వచ్చినప్పుడు తిప్పి చూశాం. చప్పుడు లేకుండా తిరిగింది. మా దుకాణం అలవాటు ప్రకారం మోటారు మీద తెల్ల రంగుతో లచ్చిరాం పేరూ తండా పేరూ రాసి, గుమ్మం దగ్గర పెట్టాను. పొద్దున రావలసిన మనిషి సాయంత్రానికీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ అంతే.

"బస్సులు లేవాయె. రైల్ రోకో నడుస్తున్నది. ఆయనకు బండి దొరకాలె గద. వస్తడు," అన్నాడు మా ఆయన.

నాకు మనసు కుదురుగా లేదు. కారణం జనగామలో ఉంది. మా అన్న దుకాణంలో ఒక మూలన పాత మోటారు ఒకటి ఉండేది. ఒక రైతు రిపేరుకిచ్చి మళ్లీ రాలేదు. అన్న అందరిలాగే కొన్నాళ్లు చూసి ఊరుకున్నాడు. చాలా రోజులకు ఎవరో చెప్పారు, ఆ రైతు పంట ఎండి పురుగుల మందు తాగాడని. అన్న ఆ మోటారును అమ్మలేదు. దాని మీద చేయి కూడా వేయడు. "మోటరు తీస్కపోవుడు మర్చిపోయిండనుకున్న సుగుణా" అని నాతో ఒకసారి అన్నాడు. ఆ రోజుల్లో తీసుకుపోని ప్రతి మోటారూ నాకు ఒక ప్రశ్నలా కనిపించేది.

ఆ అలజడిలో ఉండగానే మల్లయ్య కాక వచ్చాడు. తొర్రూరు పక్క ఊరే. మాకు పాత గిరాకీ. యాభై దాటిన మనిషి, మాటకు మొహమాటం లేదు. ఆయన మోటారు విప్పి చూసిన మా ఆయన తల అడ్డంగా ఊపాడు. లోపల బుష్ అరిగి, తిరిగే భాగం స్టేటర్‌ను రాసుకుంటూ తిరిగింది. రేకులు చీరుకుపోయాయి. దాన్ని ఎంత చుట్టినా నిలవదు. కొత్తది కొనాలి. వరంగల్ దుకాణాలు మూసి ఉన్నాయి, తెరిచినా తెచ్చే దారి లేదు.

మల్లయ్య కాక చీరుకుపోయిన రేకులను వేలితో తడిమి చూశాడు. తర్వాత గుమ్మం దగ్గరున్న లచ్చిరాం మోటారు వైపు చూశాడు. అది కూడా ఐదు హెచ్‌పీదే.

"బిడ్డా, గిది ఊకెనే పడున్నది గద. నాకియ్యి. ఆయన రాంగనే విప్పి తెచ్చిస్త."

"అది నాది గాదు కాకా."

"నీది గాదని నాకెర్కనే. నా వరి గూడ నీది గాదు. గని ఎండుతాంది గద?"

మా వృత్తిలో ప్రతి దుకాణంలోనూ ఒక బోర్డు ఉంటుంది. మూడు నెలలు దాటితే వస్తువుకు మా బాధ్యత లేదని. మాకూ ఉండేది. ఏళ్ల తరబడి ఎవరూ రాని ఫ్యాన్లూ మిక్సీలూ దుకాణాన్ని మింగేస్తుంటే ఆ బోర్డు అవసరమే. కానీ యజమాని రాక వారం కూడా కానప్పుడు, పక్కనే ఇంకొకరి పంట ఎండుతున్నప్పుడు ఏం చేయాలో ఏ బోర్డూ చెప్పదు.

మా ఆయన మల్లయ్య కాక వైపే మొగ్గాడు. "పంట ఎండుతుంటే మోటరును ముంగట పెట్టుకోని కూసుంటమా సుగుణా? నాలుగు తడులు పారితే కాక బతుకుతడు. లచ్చిరాం వస్తే ఒక్క పూటల విప్పి తేవొచ్చు."

"రేపొచ్చి నా మోటరేదని అడుగుతే ఏమంటం? అదొక్కటే గాదు. ఆయన ఎందుకు వస్తలేడు? వరి పొట్టకచ్చినోడు నడిసి అయినా వస్తడు," అన్నాను.

జనగామ మోటారు సంగతి మా ఆయనకూ తెలుసు.

నేను మల్లయ్య కాక వైపు తిరిగాను. "కాకా, నీకు బండున్నది గద. నన్ను తండకు తీస్కపో. లచ్చిరామును అడుగుదాం. ఇయ్యి అన్నడంటే మోటరు నీకే."

ఆయన వెంటనే లేచాడు.

నెల్లికుదురు దాటాక రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి జనం అన్నం వండుతున్నారు. బండి ఆపేశారు. ఒకావిడ విస్తరాకు చేతిలో పెట్టి, "తిని పో చెల్లే, ఎటు పోతరు గింత ఎండల" అంది. డప్పులు మోగుతున్నాయి. ఇంకో రోజైతే నేనూ కూర్చునేదాన్ని. ఆ రోజు విస్తరాకు అలాగే తిరిగిచ్చాను. మల్లయ్య కాక మాత్రం గబగబా రెండు ముద్దలు తిని, అక్కడున్న ఒకాయనను పక్కకు పిలిచి మాట్లాడాడు. వాళ్లు రాళ్లు జరిపి మాకు దారిచ్చారు. తర్వాత మళ్లీ అడ్డంకులు తగలకుండా చెలకల్లోంచి, బండ్లబాటల్లోంచి పోయాం. దారంతా ఆయన తన పొలం గురించే చెప్పాడు. నేను వింటున్నానో లేదో కూడా చూసుకోలేదు.

తండాలో లచ్చిరాం ఇల్లు అడగగానే చూపించారు. ముంగిట్లో ఒకామె బిందెలు కడుగుతోంది. ఆయన భార్య ద్వాలి. మేము తొర్రూరు మోటారు దుకాణం నుంచి వచ్చామనగానే ఆమె ముఖం విప్పారింది.

"మోటరు అయ్యిందా అక్కా? ఆయనేడి? ఎన్క వస్తుండా?"

"ఆయన ఇంట్ల లేడా?" అన్నాను.

"ఇంట్ల ఎందుకుంటడు? మోటరు కాడికే పోయిండు. కరెంటు లేక ఆల్చమయితుందేమో, మీ కాడనే పండుకుంటున్నడనుకున్న." ఆమె నా ముఖం చూసింది. "నీ కాడ లేడా అక్కా?"

మేము ఆయన ఇంట్లో ఉన్నాడనుకున్నాం. ఇంట్లోవాళ్లు మా దగ్గర ఉన్నాడనుకున్నారు. మధ్యలో మనిషి ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. నేను అన్నిసార్లు చేసిన ఫోను గోడ గూట్లో ఉంది. తండాకు కరెంటు సరిగా లేక చార్జింగ్ అయిపోయింది. ఆయన దాన్ని ఇంట్లోనే పెట్టి పోయాడు.

చుట్టుపక్కల ఆడవాళ్లు చేరారు. వాళ్లలో వాళ్లు తమ భాషలో ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఒకరినొకరు ఏం అడుగుతున్నారో తెలుస్తూనే ఉంది. ద్వాలి చప్పున ఇంట్లోకి పోయింది. లోపల ఏవో జరిపిన చప్పుడు. తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

"పురుగుల మందు డబ్బ ఇంట్లనే ఉన్నదక్కా. మూత గూడ తియ్యలే."

నేను ఆ మాట అడగలేదు. నాకు వచ్చిన భయమే ఆమెకూ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అప్పటిదాకా బండి దగ్గరే నిలబడ్డ మల్లయ్య కాక ముందుకొచ్చాడు. "బిడ్డా, పోయిన్నాడు చేతుల ఏం పట్టుకపోయిండు? ఎవరన్న చూస్తే గుర్తువట్టాలె గద."

"మోకు భుజానేసుకున్నడు. పాన చేతుల వట్టుకున్నడు."

"నడుసుకుంట పోయిండా?"

"ఆ. రైలుగేటు దాటి ఏదన్న బండెక్కుత అన్నడు."

ముగ్గురం ఒకే బండి మీద రైలుగేటు దారి పట్టాం. మోటారు మాట ఎత్తడానికే వచ్చిన మల్లయ్య కాక ద్వాలి ముందు ఆ మాట ఎత్తనే లేదు. దారిలో బావి కనిపించిన చోటల్లా బండి నెమ్మది చేసి తొంగి చూసేవాడు. మాకు కారణం చెప్పలేదు, మేము అడగలేదు.

గేటుకు కొంచెం ఇవతల సమ్మె టెంటు ఉంది. అందులో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన సర్కారు బడి పంతులు. మల్లయ్య కాక లచ్చిరాం గురించి చెప్పాడు. పంతులు "మోకు, పాన అంటున్నరా?" అని లేచి నిలబడ్డాడు.

రైల్ రోకో రోజు అక్కడ జనం పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు తరిమారు. కొందరిని పట్టుకున్నారు, మిగిలినవాళ్లు చెల్లాచెదురయ్యారు. సరిగ్గా అప్పుడే ఒకాయన తండా వైపు నుంచి వచ్చి గేటు దాటుతున్నాడట.

"పట్టాల మీద కూసున్నోళ్లం అందరం తెలిసినోళ్లమే. గాయన ఎవలో మాకు తెల్వదు. మోకు, పాన చూసి పట్టాల బోల్టులు ఇప్పనీకె వచ్చిండని పోలీసులు పట్టుకున్నరు. మావోడైతే గాదు, పానతోని ఎందుకొచ్చిండో అని మేం గూడ అనుమానపడ్డం," అన్నాడు పంతులు. తర్వాత ద్వాలిని చూసి గొంతు తగ్గించాడు. "మా తోటోళ్ల కోసం వకీళ్లు తిరుగుతున్నరు. ఆయన కోసం అడిగేటోళ్లు ఎవ్వరు రాలే."

ద్వాలి అక్కడే నేల మీద కూలబడింది. ఏడ్చింది. బతికే ఉన్నాడన్న ఏడుపు అది. కొంచెంసేపటికి తేరుకుని, "మావోడే సారూ. మోటరు కాడికి పోయే మనిషి," అంది.

పంతులు మమ్మల్ని ఒక వకీలు దగ్గరికి పంపాడు. ఆయన అంతా విని, విషయం బరువైందని చెప్పాడు. పట్టాల మీద కూర్చుంటే ఒక కేసు. పట్టాలు విప్పబోయాడంటే చాలా పెద్ద కేసు. ఏళ్లు పట్టవచ్చు. లచ్చిరాం మోటారు కోసం పోతున్నానని పోలీసులకు చెప్పాడట. ఎవరూ నమ్మలేదు. ఆయన ఇచ్చిన నంబరు ఇంట్లో పెట్టి పోయిన ఫోనుదే, అది పలకడం లేదు.

"అమ్మా, మోటారు ఇంకా మీ దగ్గరే ఉందా? ఆయన పేరు మీదనే ఉందా?" అని అడిగాడు వకీలు.

నేను మల్లయ్య కాక వైపు చూశాను.

"ఉన్నది సారూ. ఎట్లిచ్చిండో గట్లనే ఉన్నది," అని ఆయనే చెప్పాడు.

"అయితే దాన్ని కదపకండి. పోలీసులు వచ్చి చూడాలి. రేపు మీరు నాతో వచ్చి ఆఫీసరుకు చెప్పాలి."

బయటికి వచ్చాక ద్వాలికి అర్థమయ్యేలా చెప్పాను. మోటారు ఇప్పుడే తీసుకుపోతే వరి బతుకుతుంది. కానీ అక్కడే ఉంటే, పేరుతో సహా వాళ్లకు చూపించవచ్చు. ఎప్పుడొచ్చి చూస్తారో తెలియదు. వచ్చేటప్పుడు ఆమె మడి చూశాను. నెర్రెలు అప్పటికే సన్నగా విచ్చుకుంటున్నాయి.

"ఆడనే ఉండని అక్కా. బిందెలతోని పోసుకుంట, ఎంత మడి తడిస్తే గంత," అంది ద్వాలి.

మర్నాడు వకీలుతో కలిసి పోలీసు ఆఫీసరు దగ్గరికి పోయాను. మా ఆయన కూడా వచ్చాడు. ఆ ఊరు పేరు ఇక్కడ రాయను. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు ఆఫీసరు. బల్ల మీద టీ చల్లారిపోయి ఉంది.

"మోటారు చేసేది మీరు. ఆయనకు పానతో ఏం పని?" అని అడిగాడు.

"నేనే తెమ్మన్న సార్. పళ్లు అరిగినయంటే సాపు చేసిస్తనన్న. కావాలంటే మీకాడున్న పానను చూడుండ్రి. దాంతోని రైలు బోల్టు గాదు, పైపే తిరుగుతలేదని వచ్చిండు," అన్నాడు మా ఆయన.

"మోకు?"

"మోటరు బండికి కట్టుకపోనీకె సార్," అన్నాను నేను. "మోటరు మా గుమ్మం ముందటనే ఉన్నది. పేరు రాసున్నది. ఎవరినన్న పంపి చూపియ్యిండ్రి."

ఆయన నమ్మినట్టు అనలేదు, నమ్మలేదనీ అనలేదు. చూద్దాం పొమ్మన్నాడు.

ఆ చూద్దాం అన్న మాట మమ్మల్ని చాలా ఏడిపించింది. ఎప్పుడొస్తారో తెలియదు. బజారులో జీపు చప్పుడైతే చేతిలో తీగ వదిలేసి బయటికి పోయేదాన్ని. చుట్టిన చుట్లు లెక్క తప్పి, విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మా ఆయన అన్నం ముందు కూర్చుని, "పాన నేనే తెమ్మన్న గద సుగుణా" అని అదే మాట అనేవాడు. మల్లయ్య కాక రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మోటారు అడగడానికి కాదు. "వచ్చిండ్రా బిడ్డా?" అని అడిగేవాడు. లేదంటే తల ఊపి కూర్చునేవాడు. ఆయన వరి ఎట్లుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చివరికి ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. నడివయసు మనిషి. మోటారు ముందు గొంతుకూర్చుని పేరు చదివాడు. లోపల చుట్టిన తీగ కొసలు చూశాడు. ఎప్పుడిచ్చాడు, ఏమని ఇచ్చాడు అని అడిగి మా మాటలు రాసుకున్నాడు. మల్లయ్య కాకను కూడా అడిగాడు.

"నువ్వెవరు?"

"గీ మోటరు నాకియ్యమని అడిగినోన్ని సారూ. నా మోటరు ఖరాబయింది. అది ఆయనదని గీమె ఇయ్యలే."

కానిస్టేబుల్ ఆయనను ఒకసారి పరకాయించి చూసి, ఆ మాట కూడా రాసుకున్నాడు. పోతూ పోతూ, "ఇగ మోటారు తీస్కపోయి దించుకోమనుండ్రి. వరి ఆగదు," అన్నాడు.

ఆ సాయంత్రమే ట్రాలీ ఆటోలో మోటారు ఎక్కించాం. మల్లయ్య కాక తన పాన తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. తండా మగవాళ్లు, మా ఆయన, ఆయన కలిసి పైపులకు తగిలించి మోటారును బోరులోకి దించారు. కరెంటు కోసం ఎదురుచూశాం. వచ్చాక స్టార్టరు నొక్కితే మొదట గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత తెల్లటి నీళ్లు. తండా పిల్లలు కేకలు పెట్టారు. ద్వాలి మాత్రం నీళ్ల వైపు చూడలేదు. గేటు దారి వైపే చూస్తూ నిలబడింది.

మల్లయ్య కాక వరిలో సగం పోయింది. బోరుకు దూరంగా ఉన్న మడులను పశువుల మేతకు కోసేశారు. వరంగల్‌లో దుకాణాలు తెరిచాక కొత్త మోటారు తెచ్చుకున్నాడు. దాన్ని మాతోనే బిగింపించుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఏదో అనబోతే, "ఆ ఆడామె ముఖం చూసినంక నాకు మోటరు మతికిలేదు బిడ్డా" అన్నాడు.

లచ్చిరాం మిగిలినవాళ్లతో పాటే బెయిలు మీద బయటికొచ్చాడు. పట్టాలు విప్పబోయాడన్న కేసు పెట్టలేదు. అందరితోపాటు పెట్టిన చిన్న కేసు మాత్రం మిగిలింది. దానికోసం కొన్నాళ్లు కోర్టుకు తిరిగాడు. బయటికొచ్చిన కొన్ని రోజులకు ద్వాలితో కలిసి దుకాణానికి వచ్చాడు. ఇంకా సన్నబడ్డాడు. పాన, మోకు పోలీసుల దగ్గరే ఉండిపోయాయట.

"లోపల అందరు జై తెలంగాణ అన్నరక్కా. నేను గూడ అన్న. గని మనసంత బోరు కాడనే," అని నవ్వాడు. తర్వాత, "నా కోసం ఎవలొస్తరు, ఎవలకు ఎర్క అనుకున్న. మోటరు గూడ పోయిందనుకున్న. మీరు అమ్ముకున్నా నేను అడుగకపోదును," అన్నాడు.

మా ఆయన లోపలికి పోయి తన సొంత పాన తెచ్చి లచ్చిరాం చేతిలో పెట్టాడు. వద్దు అన్నా వినలేదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. తీసుకుపోని వస్తువులను ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు అమ్ముకోవచ్చు అని. స్థలం చాలదు, దుమ్ము పడుతుంది, అందరికీ ఉన్న ఇబ్బందే. నేను చెప్పేది ఇది. గడువు పెట్టుకోండి, తప్పులేదు. వస్తువు ఇచ్చినవాళ్ల నంబరుతో పాటు ఇంకొకరి నంబరు, వాళ్ల పక్కింటివాళ్లదైనా సరే, తీసుకోండి. చెప్పిన రోజుకు మనిషి రాకపోతే గడువు దాకా ఆగకండి. అప్పుడే కనుక్కోండి. వస్తువును మరొకరికి ఇచ్చే ముందు వీలైతే వాళ్ల గడప దాకా పోయి రండి. మీ దగ్గర ఉన్నది మీకు పాత ఇనుమే కావచ్చు. ఆ మనిషి ఎక్కడికి బయలుదేరాడో చెప్పగలిగే సాక్షి అదొక్కటే కావచ్చు.

ఇప్పుడు మా దుకాణంలో ఫ్యాన్లు, మిక్సీలు ఎక్కువ, మోటార్లు తక్కువ. అయినా ఎవరైనా చెప్పిన రోజుకు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను. "మీ మిక్సీ అయ్యింది, ఎప్పుడు తీస్కపోతరు" అని మొదలుపెట్టను. అవతల ఫోన్ మోగుతున్నంతసేపూ నాకు కూర్చోబుద్ధి కాదు. ఎవరో ఒకరు ఎత్తి హలో అనగానే, "అందరు మంచిగున్నరా?" అని అడుగుతాను. మంచిగున్నమని వినిపించాకే కుర్చీ లాక్కుని కూర్చుంటాను.